కొవ్వొత్తులు ఊదే అధికారి

శుభవార్త వచ్చిన సమయానికి నేను వంకాయలకు స్నానం చేయిస్తున్నాను. ఆ కరోనా రోజుల్లో బజారునుంచి వచ్చిన ప్రతిదానికీ తలంటు ఉండేది. బెండకాయలకు ఉప్పునీళ్ళు, టమాటాలకు పసుపునీళ్ళు, పాలప్యాకెట్టుకు సబ్బు. కొత్తిమీరని ఏం చెయ్యాలో మాత్రం ఎవరికీ తెలియలేదు. దాన్ని బాల్కనీలో కాసేపు ఎండలో నిలబెట్టి, బుద్ధి వచ్చాక లోపలికి పిలిచేవాళ్ళం.

"అమ్మాయ్ మంజీరా! పుట్టినరోజుల మీద నిషేధం ఎత్తేశారమ్మా!" అని హాల్లోంచి అత్తయ్య కేకేశారు.

చేతిలో వంకాయ జారి బకెట్లో పడింది. నేను గెంతాను. పెళ్ళయి మూడు నెలలు కూడా నిండని కోడలు వంటింట్లో గెంతకూడదని తెలుసు. కాని ఇంకో మూడు వారాల్లో, ఆదివారం నాడు, మా ఆయన పుట్టినరోజు. పెళ్ళయ్యాక మొదటిది.

ఇందులో అంత గెంతాల్సిందేముందని మీరనుకోవచ్చు. మా ఇంటి సంగతి చెబితే మీరూ గెంతుతారు.

మా పెళ్ళి మార్చి మధ్యలో కాకినాడలో జరిగింది. పెళ్ళికొచ్చిన చుట్టాలు భోజనాలు చేసి, తాంబూలాలు పుచ్చుకుని, ఒక్కొక్కరే బస్సెక్కారు. మా ఆయన మేనమామ గున్నేశ్వరరావు గారు మాత్రం "తొందరేముందిలే, బొబ్బట్లు అయిపోనీ" అన్నారు. బొబ్బట్లు అయిపోయేసరికి బస్సులు ఆగిపోయాయి. ఆయనా, వాళ్ళావిడా మా ఇంట్లోనే ఉండిపోయారు. మాది రెండు పడగ్గదుల ఇల్లు. ఒక గదిలో ఆడవాళ్ళం నలుగురం. రెండో గదిలో మామయ్యగారూ, గున్నేశ్వరరావు గారూ, గున్నేశ్వరరావు గారి గురకా. గురకతో కలిపి గది నిండిపోయింది గనక మా ఆయన సోమశేఖర్ హాల్లో సోఫా మీద, కాళ్ళు బయటికి పెట్టి పడుకునేవారు.

కొత్త దంపతుల ఏకాంతమంతా వాషింగ్ మెషిన్ దగ్గర జరిగేది. అది తిరుగుతున్నంతసేపూ ఆ చప్పుడుకి మా మాటలు ఎవరికీ వినబడవు. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికేవాళ్ళం. "మా కోడలొచ్చాక ఇంట్లో మాసిన గుడ్డన్నది కనబడదండీ" అని అత్తయ్య ఫోనులో అందరికీ గొప్పగా చెప్పుకునేవారు.

నా కోరిక పెద్దదేం కాదు. ఆ ఆదివారం సాయంత్రం కేకు కోశాక, ఆ వంక పెట్టుకుని ఇద్దరం డాబా మీదికెళ్ళి ఓ అరగంట కూర్చోవాలి. రెండు కప్పుల కాఫీ ఉండాలి. దూరంగా సముద్రం ఉండాలి. దగ్గర్లో గున్నేశ్వరరావు గారు ఉండకూడదు. అంతే.

ఇంట్లో మరో బెంగ మామ్మగారిది. మామ్మగారంటే మా ఆయన నాయనమ్మ, వర్ధనమ్మ గారు. ప్రపంచమంతా బియ్యం, పప్పులు దాచుకుంటుంటే ఆవిడ బాధ ముక్కుపొడుం గురించి. పొడుం కొట్టు మూసేశారు. చిన్న రేకు డబ్బాలో అడుగున కాస్త మిగిలింది. ఆవిడ రోజూ మూత తీసి, చూసుకుని, నిట్టూర్చి, మళ్ళీ మూత పెట్టేసేవారు.

"ఒక్క పట్టు పట్టండి మామ్మగారూ, ఏమవుతుంది?" అన్నాన్నేను ఒకసారి.

"మంచిరోజుకి దాచుకున్నానే పిల్లా," అన్నారావిడ, డబ్బాని రొంటిన దోపుకుంటూ.

ఇక శుభవార్త దగ్గరికొస్తే, దాన్ని మా 'సాగర కళ్యాణి' అపార్ట్‌మెంట్ల సంక్షేమ సంఘం అధ్యక్షులు పరాంకుశం గారు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆయన ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. ఆఫీసు మాత్రం ఆయన్నుంచి రిటైరు కాలేదు. ప్రకటన ఇలా ఉంది:

"నివాసులకు తెలియజేయడమేమనగా, ప్రజల మనోభావములను పరిగణనలోనికి తీసుకొని, ఇంతవరకు నిషేధింపబడియున్న పుట్టినరోజు వేడుకలను షరతులకు లోబడి అనుమతించడమైనది. కేకు కోయవచ్చును. కొవ్వొత్తి వెలిగించవచ్చును. ఊదరాదు."

గ్రూపులో ప్రశ్నలు మొదలయ్యాయి.

"ఊదకపోతే ఆర్పేదెలాగండీ? విసనకర్రతో విసరొచ్చా?"

"విసురుట కూడా గాలియే. కేకు మీది పదార్థమంతయు అతిథుల మీద పడును. నిషిద్ధము."

"ఆర్పకుండానే కేకు కోసేస్తే?"

"వెలుగుచున్న కొవ్వొత్తి పక్కన కత్తి ఆడించుట అగ్నిప్రమాద నివారణకు విరుద్ధము."

"పోనీ, అసలు కొవ్వొత్తే పెట్టకపోతే?"

ఈ ప్రశ్నకి అధ్యక్షులవారు చాలాసేపు 'టైపింగ్' అని కనబడ్డారు. చివరికి జవాబొచ్చింది. "కొవ్వొత్తి లేనిచో అది పుట్టినరోజని ఎట్లు రుజువగును? ఊరకే కేకు తినుటకు నేను అనుమతి ఇచ్చియుండలేదు."

అంటే కొవ్వొత్తి పెట్టి తీరాలి, ఆర్పి తీరాలి, ఊదకూడదు. ఈ చిక్కు విప్పడానికి సంఘం వారు ఆ సాయంత్రమే పార్కింగులో, ఒక్కో కారుకి ఒక్కో సభ్యుడు చొప్పున అద్దాలెత్తుకుని కూర్చుని, ఫోనుల్లో సమావేశమయ్యారు. బాల్కనీలోంచి చూసి మామ్మగారు బుగ్గలు నొక్కుకున్నారు.

"దీపాన్ని నోటితో ఊదడమేవిటర్రా! మనింట్లో దీపం ఆరిందని కూడా అనం, కొండెక్కిందంటాం. పుట్టినరోజు పూట దాన్ని ఉఫ్ మని ఊదెయ్యడానికి ఇంతమంది కార్లెక్కి కూర్చున్నారా?"

కార్ల హారన్లతో తీర్మానం ఏకగ్రీవమైంది. తర్కం చాలా అందంగా ఉంది. ఎవరి ఊపిరిలో కరోనా లేదు? వచ్చి తగ్గిపోయినవాడి ఊపిరిలో. మన అపార్ట్‌మెంటులో వచ్చి తగ్గినవారెవరు? రెండో అంతస్తు జోగారావు గారొక్కరే. కాబట్టి ఇకమీదట సాగర కళ్యాణిలో ఎవరు పుట్టినా కొవ్వొత్తి మాత్రం జోగారావు గారే ఊదాలి. ఆయనకి 'అధీకృత దీపనిర్వాపకులు' అని బిరుదిచ్చారు. నోరు తిరగనివాళ్ళు ఊదుడు జోగారావు గారన్నారు.

ఈ తర్కంలో ఒకే ఒక్క లోపం ఉంది. జోగారావు గారికి ఊపిరి లేదు.

ఆయన రైల్వేలో గార్డుగా చేశారు. ఒకప్పుడు ఆయన విజిలేస్తే పక్క ప్లాట్‌ఫారం మీది రైలు కూడా కదలబోయేదట. కరోనా వచ్చి తగ్గాక మాత్రం కాఫీ ఊదుకుని తాగే ఓపిక కూడా పోయింది. వాళ్ళావిడ రెండు గ్లాసుల్లో అటూ ఇటూ తిరగబోసి చల్లార్చి ఇస్తున్నారు. ఈ సంగతి ఆవిడ సంఘం దృష్టికి తెస్తే, పరాంకుశం గారు చిరునవ్వు నవ్వారట.

"అమ్మా, అర్హత వేరు, సామర్థ్యము వేరు. మా ఆఫీసులో కూడా అంతే."

మొదటి వేడుక మా పక్కింటి చిన్మయిది. బడిలో వేయడానికి సరిపడా వయసొచ్చిన రోజు. వాళ్ళ తలుపూ మా తలుపూ బార్లా తీసిపెట్టారు గనక మేం మా గుమ్మంలోంచే చూశాం. జోగారావు గారు నీలం రెయిన్‌కోటు, ఈత కళ్ళజోడు వేసుకుని వచ్చారు. పాప చూసి ఏడుపు మొదలుపెట్టింది. పరాంకుశం గారు గుమ్మం దగ్గర పర్యవేక్షకులుగా నిలబడి, "పాట మనసులో పాడుకొనవలెను, పాడుటయు ఊపిరియే" అని గుర్తుచేశారు. అందరం మౌనంగా పాడుకున్నాం. మౌనంలో కూడా గున్నేశ్వరరావు గారు తాళం తప్పారు. మేమంతా పూర్తిచేసి చప్పట్లు కొట్టాక ఆయనింకా తల ఊపుతూనే ఉన్నారు.

జోగారావు గారు మాస్కు దించి ఊదారు. కొవ్వొత్తి మర్యాదగా తల వంచి, మళ్ళీ నిటారుగా నిలబడింది. ఇంకోసారి ఊదారు. ఇంకోసారి. కుర్చీ వేశారు. కూర్చుని ఊదారు. మంచినీళ్ళిచ్చారు. తాగి ఊదారు.

"తాతా, నేను ఊదనా?" అంది చిన్మయి, జాలేసి.

"పాపా," అన్నారు పరాంకుశం గారు గుమ్మంలోంచి, "నీవు పుట్టితివి, అంతవరకే. ఊదు అధికారము నీకు లేదు."

కొవ్వొత్తి తనంతట తానే కరిగి కేకులోకి దిగిపోయింది. అయినా ఆఖరి క్షణంలో జోగారావు గారు దాని వైపు నోరు పెట్టి ఉన్నారు గనక అధికారికంగా ఆయనే ఆర్పినట్టు ప్రకటించారు. మేమంతా మైనం ఏరుకుంటూ కేకు తిన్నాం. అప్పుడే పొడుగు కొవ్వొత్తులు నిషేధించి, పొట్టివి మాత్రమే వాడాలని మరో ప్రకటన వచ్చింది.

అసలు గొడవ వసుంధర గారింట్లో మొదలైంది. ఆవిడకి నలభై నిండే రోజది. ఆ అంకె కేకు మీద వేయించలేదు గాని అందరికీ తెలుసు. జోగారావు గారు రెయిన్‌కోటు బొత్తాలు విప్పుకుంటూ ఉండగానే కొవ్వొత్తి టప్పున ఆరిపోయింది.

"ఎవరు ఊదిరి?" అన్నారు పరాంకుశం గారు.

ఎవరూ ఊదలేదు. పైన సీలింగు ఫ్యాను తిరుగుతోంది. ఆయన ఫ్యాను వైపు చాలాసేపు చూశారు. ఫ్యాను ఏమీ చెప్పలేదు. మర్నాడు తీర్పు వచ్చింది.

"అధీకృత వ్యక్తి ఊపిరి వలన ఆరని కొవ్వొత్తి ఆరినట్లు కాదు. కొవ్వొత్తి ఆరనిచో పుట్టినరోజు జరిగినట్లు కాదు. పుట్టినరోజు జరగనిచో వయసు పెరిగినట్లు కాదు."

వసుంధర గారు ముప్ఫై తొమ్మిది దగ్గరే ఆగిపోయారు. ఆవిడ ఆనందం ఆ అంతస్తు పట్టలేకపోయింది. మళ్ళీ కొవ్వొత్తి వెలిగించడానికి గడువిస్తే, ఆ గడువులో రెండోసారీ ఫ్యానే ఆర్పేసింది. ఆ తరవాత అపార్ట్‌మెంటులో ఆడవాళ్ళ పుట్టినరోజులన్నీ ఫ్యానుల కిందే జరిగాయి. మూడో అంతస్తులో ఒకాయన ఏభై దాటకుండా ఉండటానికి టేబుల్ ఫ్యానూ, కూలరూ రెండూ కొనుక్కొచ్చారు. కొట్లు మూసి ఉండగా ఎలా కొన్నారో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

పరాంకుశం గారు ఊరుకునే మనిషి కాదు. గాలి మీద విచారణ సంఘం వేశారు. విచారణ పూర్తయ్యేదాకా వేడుకల్లో ఫ్యానులు ఆపాలి, కిటికీలు మూయాలి అన్నారు. జూన్ నెలలో, కాకినాడలో. కేకులు చూస్తుండగానే పాయసమయ్యేవి.

ఇలాంటి పరిస్థితుల్లో నేను డాబా అనుమతికి వెళ్ళాను. అధ్యక్షులవారు మొదటి అంతస్తు బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. విన్నపాలున్నవాళ్ళు కింద పార్కింగులో ముగ్గుతో గీసిన గుండ్రాల్లో నిలబడాలి. నా ముందు గుండ్రంలో వసుంధర గారు, ముప్ఫై తొమ్మిదేళ్ళ ముఖంతో, మూడో గడువు అడుగుతున్నారు.

"తర్వాత! ఏమమ్మా, నీ విన్నపము?"

"ఆదివారం సాయంత్రం డాబా మీదికి వెళ్ళాలండి. అరగంట."

"ఎందరు?"

"ఇద్దరమేనండి. నేనూ, మా ఆయనా."

"ప్రయోజనము?"

"గాలి కోసమండి," అన్నాను.

"గాలి!" ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. "అమ్మా, గాలి మీద విచారణ జరుగుచున్నది."

"అయితే మాట్లాడుకోడానికండి."

"ఒకే ఇంటి సభ్యులు ఇంటిలోనే మాట్లాడుకొనవచ్చును గదా?"

"ఇంట్లో అందరూ ఉంటారండి."

"అందరూ వినకూడని మాటలా?"

గుండ్రాల్లో ఉన్న తలలన్నీ ఒక్కసారి నా వైపు తిరిగాయి. మాస్కుల మీంచి ఆ కళ్ళు చూస్తే, జవాబు చెప్పకుండా వెళ్ళనిచ్చేలా లేవు.

"అబ్బే, మామూలు మాటలేనండి. పప్పులూ, ఉప్పులూ..."

"చూడమ్మా. నీవూ, నీ భర్తా ఇంటిలో ఉన్నచో కుటుంబము. డాబా మీద ఉన్నచో గుంపు. తిరస్కరించడమైనది. తర్వాత!"

ఆ సాయంత్రం వాషింగ్ మెషిన్ దగ్గర మా ఆయనకి చెప్పి ఏడ్చాను. మెషిన్ నీళ్ళు పిండే దశలో ఉండటంవల్ల గట్టిగానే ఏడవగలిగాను.

"పోనీలే మంజీ," అన్నారాయన. "వచ్చే ఏడాదికి డాబా ఎక్కడికీ పోదుగా?"

"గున్నేశ్వరరావు గారు కూడా ఎక్కడికీ పోయేలా లేరండీ!" అన్నాను ముక్కు చీదుకుంటూ.

మెషిన్ టక్కున ఆగిపోయింది. ఇద్దరం ఉలిక్కిపడి నోరు మూసుకున్నాం. వెనక గుమ్మంలో మామ్మగారు నిలబడి ఉన్నారు, తడిపిన తువ్వాలు చేత్తో పట్టుకుని.

"ఇది కూడా వెయ్యండర్రా," అని తువ్వాలు మా చేతిలో పెట్టి, ఏమీ విననట్టు వెళ్ళిపోయారు.

ఆదివారం వచ్చింది. కుక్కర్‌లో గాస్కెట్ తీసేసి, అడుగున ఉప్పు పోసి, చాక్లెట్ బిస్కెట్లు నలిపి పాలలో కలిపి, నమ్మకం కొద్దీ ఒక ఈనో ప్యాకెట్టు వేసి కేకు చేశాను. ఒక పక్క పొంగింది, ఇంకో పక్క ఆలోచనలో పడింది. పంచదార పొడితో దాని మీద 'సోమూ' అని రాశాను. ఇంట్లో అందరి ఎదుటా ఆయన్ని ఏకవచనంలో పిలిచిన మొదటి సందర్భమది. అత్తయ్య చూసి కూడా చూడనట్టు ఊరుకున్నారు. చాలా మంచావిడ.

సాయంత్రానికి అంతా హాల్లో చేరాం. కిటికీలు మూశాం. ఫ్యాను ఆపాం. గున్నేశ్వరరావు గారు బనీను మీదే ఉన్నారు. పరాంకుశం గారు పర్యవేక్షకులుగా గుమ్మం బయట కాపురం పెట్టారు. జోగారావు గారు రెయిన్‌కోటులో చెమటలు కక్కుతూ వచ్చారు. ఈ ఉద్యోగం వచ్చాక ప్రతి ఇంట్లోనూ కేకు పెట్టడంవల్ల ఆయన షుగరు పెరిగి, ఊపిరి ఇంకా తగ్గింది.

"ఇవాళ గట్టిగా ప్రయత్నిస్తానమ్మా," అన్నారు నాతో, పాపం.

"రెండు ఊదులు ఊదండి బాబాయిగారూ, చాలు. మీకు కేకు వద్దు, జంతికలు పెడతాను."

ఆయన కళ్ళు, ఈత కళ్ళజోడు వెనక, చెమర్చాయి.

కొవ్వొత్తి వెలిగించబోతుండగా మామ్మగారు లోపల్నుంచి కొత్త మాస్కు తెచ్చారు. ఇంటిల్లిపాదికీ మాస్కులు ఆవిడే కుడతారు. గుడ్డ పాత చీరలది, ఎలాస్టిక్ గున్నేశ్వరరావు గారి పాత నిక్కర్లది.

"పుట్టినరోజు పూట ఆ మాసిపోయిన మాస్కేవిట్రా సోముడూ? కొత్తది కట్టుకో. ఇదిగో, నేనే కడతాను. వంగు."

మా ఆయన వంగారు. ఆవిడ మాస్కుని రెండు చేతులతో జాగ్రత్తగా, ప్రసాదం దొన్నె పట్టుకున్నట్టు పట్టుకొచ్చి, ఆయన ముక్కుకి అదిమి కట్టి, చరచరా వంటింట్లోకి వెళ్ళిపోయారు.

"ఆరడుగులు!" అన్నారు పరాంకుశం గారు. అందరూ గోడలకి అంటుకున్నారు. కేకు దగ్గర మా ఆయన, పక్కన నేను, ఎదురుగా జోగారావు గారు మిగిలాం.

జోగారావు గారు ఊదారు. కొవ్వొత్తి వయ్యారంగా ఊగింది. మళ్ళీ ఊదారు. అప్పుడు చూశాను, మా ఆయన కళ్ళు విచిత్రంగా మారిపోతున్నాయి. కనుబొమలు పైకి లేచాయి. ఛాతీ పొంగింది. ఏదో మహత్తర విషయం చెప్పబోతున్నవాడిలా ముఖం పైకెత్తారు.

ఆ తుమ్ము గురించి తరవాత రకరకాలుగా చెప్పుకున్నారు. అయిదో అంతస్తు వాళ్ళు ట్రాన్స్‌ఫార్మర్ పేలిందనుకున్నారట. నేను చూసింది మాత్రమే చెబుతాను. నిక్కరు ఎలాస్టిక్ రెండు చెవుల నుంచీ తప్పుకుంది. మాస్కు గాల్లోకి లేచింది. ఒక పల్టీ కొట్టి, నేరుగా వచ్చి, కొవ్వొత్తి మీద టోపీలా కూర్చుంది. సుయ్ మంది. కొవ్వొత్తి ఆరిపోయింది.

గున్నేశ్వరరావు గారు గోడకి ఇంకాస్త అతుక్కున్నారు.

వంటింట్లోంచి మామ్మగారి గొంతు వినబడింది. "చిరంజీవ! ఒంటి తుమ్ము మంచిది కాదురా, ఇంకోటి తుమ్మెయ్యి!"

"రెండవ తుమ్మునకు అనుమతి లేదు!" అని అరిచారు పరాంకుశం గారు.

మా ఆయన అనుమతి కోసం చూడకుండా తుమ్మేశారు.

విచారణ గుమ్మం బయటే మొదలైంది. మొదటి ప్రశ్న, ఊదుట జరిగినదా? లేదు. నోరు తెరిచినట్టు సాక్ష్యం లేదు, వచ్చింది ముక్కునుంచి. నిబంధనల్లో ముక్కు ప్రస్తావన లేదు. కొవ్వొత్తిని ఆర్పింది మాస్కు. మాస్కు ధరించాలని సంఘమే చెప్పింది. కాబట్టి ఇది నిబంధన పాటించుట వలన సంభవించిన ఆరుట.

"పైగా, మాస్కు వలన ప్రయోజనము లేదనువారికి ఇది చెంపపెట్టు," అన్నారు పరాంకుశం గారు.

జోగారావు గారు అప్పటికే కుర్చీలో కూర్చుని జంతికలు తింటున్నారు. తన ప్రమేయం లేకుండా ఒక కొవ్వొత్తి చట్టబద్ధంగా ఆరడం చూసి, ఆయన ముఖంలో ఉద్యోగం పోయిన మనిషి ఆనందం కనబడింది.

"అయితే!" పరాంకుశం గారు వేలెత్తారు. "తుమ్ము లక్షణము. లక్షణము ఉన్నవాడు అనుమానితుడు. అనుమానితుని పద్నాలుగు రోజులు ఒక గదిలో ఉంచి సీలు వేయవలెను."

అరగంట డాబా అడిగితే పద్నాలుగు రోజుల విరహం రాసిపెట్టారా!

"జోగారావు గారు వచ్చి తగ్గినవారు గనుక లెక్కలోనికి రారు. వారు గాక, సంఘటన సమయమున అనుమానితునికి ఆరడుగుల లోపల ఉన్నదెవరు?"

చెయ్యెత్తాను. కాలేజీలో జవాబు బాగా తెలిసినప్పుడు కూడా అంత ఎత్తుకి ఎత్తలేదు.

"ఈమెను కూడా పద్నాలుగు రోజులు వేరొక గదిలో ఉంచి సీలు వేయవలెను."

"ఉన్నవి రెండే గదులండీ," అన్నారు మామయ్యగారు. "రెండిటికీ సీలేస్తే మేం అయిదుగురం ఎక్కడ పడుకుంటామండీ?"

"హాలులో."

"అయిదుగురం ఒక్క హాల్లోనా? అది గుంపవదండీ?"

పరాంకుశం గారు నివ్వెరపోయారు. ఆయన నిబంధనే ఆయనకి ఎదురు తిరిగింది. కళ్ళు మూసుకున్నారు. పెదవులు కదిలాయి. అపార్ట్‌మెంటంతా ఊపిరి బిగబట్టింది. అనుమతి లేకుండా వదలడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు కూడా.

"ఇద్దరినీ ఒకే గదిలో ఉంచవలెను," అన్నారు చివరికి, మహా బరువుగా. "సోకియున్నచో ఇద్దరికిని సోకియుండును. సోకనిచో ఇద్దరికిని సోకదు. లెక్క సరిపోవును. భోజనము గుమ్మము బయట పెట్టవలెను. ఎవరును తలుపు తట్టరాదు. ఎవరును పలకరింపరాదు. ఏమమ్మా, ఈ కఠిన నిర్ణయమునకు నీకు అభ్యంతరమా?"

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"పాపం, కొత్త పెళ్ళికూతురు. దుఃఖమాపుకోలేకపోతోంది," అంది పక్కింటి గుమ్మంలోంచి చిన్మయి వాళ్ళమ్మ.

"కర్తవ్యము కఠినమైనది తల్లీ," అన్నారు పరాంకుశం గారు. "రేపు ఉదయము తొమ్మిది గంటలకు సీలు వేయబడును."

అందరూ వెళ్ళాక, మా ఆయన ముక్కు తుడుచుకుంటూ సోఫాలో కూర్చున్నారు. ఆయనకింకా ఏమీ అర్థం కాలేదు. "నాకు జలుబు కూడా లేదు మంజీ! ఎందుకొచ్చిందంటావు?" అంటున్నారు. నేను కేకు మీంచి మాస్కు తీశాను. ఒక మూల కాస్త కమిలింది. లోపలి మడతలో గోధుమరంగు పొడి అంటుకుని ఉంది. వాసన చూడబోయి, సమయానికి ఆగిపోయాను.

వంటింట్లోకి వెళ్ళాను. మామ్మగారు పీట మీద కూర్చుని రేకు డబ్బాని అరచేతిలో బోర్లించి తడుతున్నారు. ఏమీ రాలలేదు.

"అయిపోయిందే పిల్లా," అన్నారు. "ఆఖరి పట్టు."

"మామ్మగారూ! అది మీరు మంచిరోజుకి..."

"ఇవాళ మంచిరోజు కాదూ? నా మనవడి పుట్టినరోజు." డబ్బాకి మూత పెట్టి, మళ్ళీ రొంటినే దోపుకున్నారు, ఖాళీదే. "ఇక ఏడుపు చాలించి విను. రేపు పొద్దున్నే గున్నేశ్వరం పెట్టె, బేడా, గురకా అన్నీ హాల్లోకి ఈడ్చేద్దాం. తొమ్మిదింటికి ఆయనొచ్చి సీలేసుకుంటాడు. పదింటికి రెండు కప్పుల కాఫీ గుమ్మం ముందు పెట్టి, పలక్కుండా వచ్చేస్తాను. కిటికీ తీస్తే సముద్రం కనబడదు గాని, వాసనేస్తుంది. సర్దుకోండి."

ఆవిణ్ణి వాటేసుకోబోయాను. అప్పుడు గుర్తొచ్చింది, నేను ఆరడుగుల లోపలి మనిషిని. చేతులు చాపి దూరంగా నిలబడ్డాను.

"ఇంకో మాట," అన్నారు మామ్మగారు, గొంతు తగ్గించి. "రేపట్నుంచి ఆ వాషింగ్ మెషిన్‌కి కాస్త సెలవిద్దాం. ఇంట్లో ఒక్క చీరకీ రంగు మిగల్లేదే తల్లీ."